ఆకాశపు కన్ను, గట్టుమీది మౌనము

ఒడ్డున నిలిచినవానికి వంశధారలో ఒక మలుపు మాత్రమే కానవచ్చును. ఉపగ్రహచిత్రమునందు ఆ నది ఒడిశా కొండల నుండి కళింగపట్నము కడ సముద్రమును చేరువరకు ఒకే గీతగా తోచును. దానికి ఉత్తరమున కోటబొమ్మాళి, టెక్కలి పరిసరముల మైదానమంతయు చెరువులు చల్లినట్లుండును. రాష్ట్రముల హద్దు ఆ చిత్రమున లేదు. నేలమీద మాత్రము ఈ నదీజలముల పంపకమునకై 2010లో ట్రిబ్యునలు ఏర్పడవలసివచ్చినది. 2017లో అది ఉభయ రాష్ట్రములకును సమభాగమని తీర్పు చెప్పినది.

నీరు పరారుణకిరణములను మ్రింగును గనుక చిత్రమందు నల్లగా నుండును. పచ్చని ఆకు వానిని త్రిప్పికొట్టును. దానిని ఎర్రరంగున చూపుట వాడుక. 1988 మార్చి 17న మన దేశము పంపించిన ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహము ఇట్టి చిత్రములనే ఇచ్చెను. 1984 మొదలు 2015 వరకు ల్యాండ్‌శాట్ ఉపగ్రహములు తీసిన సుమారు 30 లక్షల చిత్రములను శోధించి, ఐరోపా శాస్త్రజ్ఞులు 2016లో భూమిమీది జలములకు పటము ప్రకటించిరి. ఎచ్చట నీరు నిలిచెనో, ఎచ్చట తరిగెనో అందు తెలియును. వేసవిలో ఎండిన చెరువును చూపి, "ఇచ్చట నీరెన్నడు నిలిచినది?" అని దబాయించువానికి ఇది మంచి జవాబే.

అయినచో ఆ కన్నొక్కటి చాలునా? గుర్రపుడెక్క క్రమ్మిన చెరువు దానికి పైరువలె ఎర్రగా కనబడును. ఆ ఆకుల క్రింద నీరున్నదని చెప్పవలసినవాడు గట్టుమీది మనుష్యుడే. ఇంకొకటి: 2015 నుండి ఎల్లరకు ఉచితముగా లభించుచున్న సెంటినెల్ చిత్రములలో 10 మీటర్ల చదరము ఒక్క చుక్క. చెరువుగర్భములోనికి తన చేనిగట్టును ఏటికొక మూర జరుపువాడు 20 ఏండ్లకు 9 మీటర్లు జరుపును. ఆ చుక్క దాటడు! ఇంతకంటె సూక్ష్మమైన కెమెరాలు లేకపోలేదు. కాని ఊరి చెరువుకొరకు ఏటేట వానిని తెరచి చూచువాడెవడు?

పొరుగు రైతు మాత్రము చూచును. మొదటి మూరనాడే చూచును. చూచి ఊరకుండును. బంధుత్వము, మొగమాటము, రేపు వానితో పనిపడునను భయము. దీనినే కొందరు ఊరి సఖ్యత యందురు. ఒకని దురాశను తక్కినవారి నీటితో పోషించు సఖ్యత ఎట్టిదో యోచింపవలసియున్నది. దాసోహమనగా తనది పంచుటయే గాని, ఇతరుల పాలు పోవుచుండగా చూచుచు నుండుట కాదు. ఆక్రమించినవానికి ఆశయను సాకైన నుండును. చూచి యూరకున్నవానికి అదియు లేదు.

చెరువు పూడిన మేరకు నీరు తగ్గును. వరి పొట్టకు వచ్చు వేళ ఆయకట్టు చివరి చేనికి ఒక తడి చాలదు. ఆ రైతు వానను నిందించును, తూమును నిందించును. ప్రక్కనే గట్టుపై కూర్చుండి వానితో ముచ్చటించుచున్నవానికి కారణము తెలిసియే యుండును.