చేరని మూట

2019వ సంవత్సరపు చలికాలమున, నారాయణరావుపేటలో మా పొరుగుననున్న వృద్ధురాలు భివండిలో మగ్గముల పని చేయు కుమారునికి గొంగడి నంపదలచి, పైవిలాసము వ్రాయుమని మాయొద్దకు వచ్చెను. వ్రాసితిమి. పంపినవారి తావున మా పేరే వ్రాసితిమి. ఇరువది దినములకు మూట తిరిగి వచ్చెను. కుమారుడు బస మార్చినాడట. వాని టెలిఫోనును పలుకలేదు. ఆమెను పిలిచి యీయబోగా చేయి చాపదయ్యె.

"ఇచ్చింది మల్ల తీసుకుంటనా పంతులూ? అది నా కొడుకుది."

మేము నవ్వితిమి, పిదప సిగ్గుపడితిమి. ఏలయన, దాత విడిచినంతనే వస్తువు పరునిదగునా, వాడు స్వీకరించిన పిదపనే యగునా యనునది ధర్మశాస్త్రజ్ఞుల పాతవాదమే. స్వీకారము వలయునని మితాక్షరయందు విజ్ఞానేశ్వరుడు. దాత త్యాగమే చాలునని దాయభాగమందు జీమూతవాహనుడు. అక్షరమెరుగని మా పొరుగామె జీమూతవాహనుని పక్షము.

తపాలాశాఖ యేమి చేయును? 2024 వరకు అమలునందుండిన 1898 నాటి చట్టము ప్రకారము, చేరని వస్తువు పంపినవారికి మరలును, లేదా పోస్టుమాస్టరు జనరలు కచేరికి పోవును. అట్టివాటిని చూచు చోటునకు పూర్వము డెడ్ లెటర్ ఆఫీసని పేరు. పిమ్మట రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసని మార్చిరి. చచ్చినదనుటకంటె మరలినదనుట మేలే. మరియొక విలాసమునకు పంప వీలుకానిచో, రహస్యమును కాపాడ బద్ధుడైన యుద్యోగి దానిని విప్పి, పంపినవారి జాడ వెదకును. జాడ దొరకనిచో ఉత్తరములను నాశము చేయవచ్చును. చెడిపోని సరకును ఒక సంవత్సరముంచి, హక్కుదారు రానిచో అమ్మి, సొమ్మును శాఖకు జమకట్టవలెను. స్వామి తెలియని ధనమును రాజు మూడేండ్లు కాచియుంచవలెనని మనుస్మృతి. రైళ్లు వచ్చిన పిదప ఓర్పు తగ్గెను కాబోలు!

మేమును వలదన్నచో గొంగడికి ఆ గతియే. చట్టము కంటికి పంపినది మేము. దానిలో మా ఉన్నిపోగొక్కటియు లేదు. ఆమె వెడలిన పిదప సంతకము చేసి పుచ్చుకొని, పెట్టెలో దాచితిమి. అది తపాలావారియొద్ద భద్రముగా నున్నదని ఆమెకు చెప్పితిమి.

ఈ తుదిమాటయే మమ్ము బాధించినది. పరుని మూట విప్పు ఉద్యోగియు రహస్యము దాచును. కాని యతడు దాచుట మూట స్వామి కొరకు. మేము దాచినది ఆమె కొరకే యని పలుమార్లు తర్కించుకొంటిమి. నిజమునకు, ఆమెతో మరల వాదింపజాలక దాచితిమి. మూటను కాచుట ధర్మమే కావచ్చును. కాచువారెవరో ఆమెకు తెలియనీయకుండుటకు మాకేమి హక్కు?

2020 మేనెలలో, మగ్గములు మూతపడి, కుమారుడు ఇల్లు చేరెను. "పోస్టోళ్లు గొంగడి ఇచ్చిన్రారా?" అని తల్లి యడుగుచుండగా వింటిమి. మండుటెండలో గొంగడి భుజమున వేసికొని వారి వాకిటికి పోయితిమి.