పెట్టెకు చేతగాని చోట

మా ఇంట్లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలకు పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. వాటి కింద పల్లవి, చరణాలు. స్వరం మాత్రం ఎక్కడా ఉండదు. శంకరాభరణం, ఆది తాళం అని చూసుకుని కొత్తవాడెవరైనా పాడబోతే ఏదో ఒక పాట వస్తుంది గానీ మా ఊరి గుడిలో పాడే పాట రాదు. మాటలు అచ్చులో ఉన్నాయి, వరస మనుషుల దగ్గర ఉంది. మా సంఘంలో ఆ మనిషి మా నాయనమ్మ.

మాది రేపల్లె వైపు పల్లె, లూథరన్ సంఘం. మిషనరీ హయ్యర్ అయ్యగారు 1842లో గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మావాళ్ళు చరిత్ర లెక్కేసుకుంటారు. మా ఆరాధనలో దొరసానులు నేర్పిన ఇంగ్లీషు వరసలకు కట్టిన తెలుగు గీతం ఒకటి పాడితే, దాని వెనకే పురుషోత్తమ చౌదరిగారి కీర్తన వస్తుంది. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన ఆ కవి కీర్తనల్ని నాట్లకూ కోతలకూ పోయే జనం చెవులతోనే నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామందికి పుస్తకం చదవడం రాదు. నాయనమ్మకి చదువొచ్చు, మిషను బోర్డింగులో చదివింది. పాట మాత్రం ఆమె కూడా విని నేర్చుకున్నదే, ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిలు స్త్రీ దగ్గర.

పెట్టె అంటే మా ఇంట్లో హార్మోనియమే, గుడిలో దాన్ని వాయించేది నాయనమ్మే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య జారే గమకం దానిమీద పలకదన్నది పెద్దల అభ్యంతరాల్లో ఒకటి. అది నిజమే. రేడియో తగాదా నాయనమ్మకి తెలియదు గానీ ఆ లోపం బాగా తెలుసు. ఆనందభైరవిలాంటి రాగంలో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు కీర్తన ఏదైనా నడుస్తూ వంపు దగ్గరికి వచ్చేసరికి కుడిచేతి వేళ్ళు మెట్ల మీంచి లేచేవి. ఎడమచేయి తిత్తి ఊదుతూనే ఉండేది, అడుగున షడ్జం ఒక్కటే సన్నగా వినిపించేది. ముసలీ ముతకా ఎవరి తీరున వాళ్ళు ఆ వంపు తిరిగి వచ్చాక వేళ్ళు మళ్ళీ దిగేవి. ఎందుకట్లా ఆపుతావు అని అడిగితే, “పెట్టెకు చేతగాని చోట పెట్టె నోరు మూసుకోవాల్రా” అనేది.

ఇది సంగీతంలో కిటుకే, కాదనను. కానీ పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి చేతులు వణికేదాకా ప్రతి ఆదివారం చేసిన పనిని కిటుకు అని వదిలేయడానికి మనసొప్పదు. భక్తి అనగానే మనకు ఎక్కువ చేయడమే గుర్తొస్తుంది. ఎక్కువ ఉపవాసాలు, ఎక్కువ ప్రార్థన, ఇంకా గట్టిగా పాడటం, ఈమధ్య ఇంకా పెద్ద స్పీకర్లు. ఎక్కడ తగ్గాలో తెలియడం కూడా భక్తే అని నాకు పుస్తకాలు చెప్పలేదు, ఆ వేళ్ళు చెప్పాయి. సంఘం దేవుడితో మాట్లాడుకుంటోంది, మధ్యలో తన వాయిద్యం గొప్ప ఎందుకని ఆమె లెక్క.

అలాగని ఆమెను పటం కట్టి గోడకు తగిలించలేను. పెట్టె మీద మహా మమకారం. ఇంకెవరి చేయీ పడనిచ్చేది కాదు. పాటల సాధనకు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు పాస్టరుగారి ముందే అక్షింతలు పడేవి. కోడళ్ళ విషయంలో నోరు మూసుకోవాల్సిన చోట్లు ఆమెకు అంతగా తెలిసినట్టు లేదు, ఆ సంగతి మా అమ్మ ఇంకా బాగా చెబుతుంది.

ఆమె పెట్టె ముట్టుకోనిచ్చిన మనిషి తాతయ్య ఒక్కడే, అదీ క్రిస్మస్ రాత్రుల్లో. ఇంటింటికీ తిరిగి పాడేటప్పుడు తాతయ్య కండువాతో పెట్టెను మెడకు వేలాడదీసుకునేవాడు, మెట్లు నాయనమ్మ వైపు, తిత్తి తన పొట్ట వైపు. ఆయన వెనక్కి నడుస్తూ తిత్తి ఊదేవాడు, ఆమె ముందుకు నడుస్తూ వాయించేది. పక్కన ఎవరో పెట్రోమాక్సు లైటు పట్టుకుని గుంటలున్న చోట హెచ్చరించేవారు. చూసి నవ్వనివాళ్ళు లేరు. గాలి ఒకరిది, వేళ్ళు ఒకరివి, గొంతులు వెనక వచ్చే జనానివి. పాట ఎవరిదని అడిగితే ఏం చెబుతాం?

ఆమె జ్ఞాపకార్థ కూడికలో నాకు తోచింది ఇదే. జ్ఞాపకం ముందుకొచ్చి నిలబడ్డవాళ్ళను తేలిగ్గా పట్టుకుంటుంది. తప్పుకుని దారిచ్చినవాళ్ళను పట్టుకోవడం దానికి రాదు. లేచినవాళ్ళందరూ ప్రార్థనాపరురాలు అన్నారు, మంచి సాక్ష్యం గల తల్లి అన్నారు. ఏ కూడికలోనైనా ఎవరి గురించైనా అనే మాటలే. ఆ వేళ్ళ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. వాళ్ళ తప్పేం లేదు, అది కంటపడకుండా చేయడమే ఆమె పని.

ఆరోజు కీబోర్డు వాయించింది ఇంటర్ చదివే కుర్రాడు. రిథమ్ మీట నొక్కి మొదలుపెట్టాడు. యంత్రం ఎవరికోసమూ ఆగదు కదా, వంపు దగ్గర సంఘం వెనకబడింది, తాళం ముందుకు పోయింది. కుర్రాడు తెలివైనవాడు. రెండో చరణానికి రిథమ్ కట్టేశాడు. కీబోర్డులు వచ్చి పాట పాడైపోయిందని గొణిగేవాళ్ళతో నేను కలవను. చెవి ఉన్నవాడి చేతిలో ఏ వాయిద్యమైనా ఆగుతుంది.

పోయింది వేరే. శ్రమకాలంలో మాత్రమే పాడే కొన్ని కీర్తనల వరసలు మా సంఘంలో ఇప్పుడు ఎవరికీ పూర్తిగా రావు. పల్లవి వస్తుంది, చరణం ఎత్తుగడ దగ్గర తలా ఒక దారి పడతారు. పెట్టె ఎవరికీ ఇవ్వని నాయనమ్మకి ఇందులో కొంత పాలుంది, అడిగి కూర్చోని మాకూ ఉంది. పైన రాగం పేరు అచ్చులో అలాగే ఉంది.

మీ ఇంట్లోనో, మీ గుడి ముందు వరసలోనో ఇలాంటి పెద్దావిడ ఉంటే ఈ ఆదివారం భోజనాలయ్యాక పక్కన కూర్చుని పాడించండి. హార్మోనియం లేకపోయినా ఫరవాలేదు, ఫోన్లో రికార్డు చేస్తే చాలు. ఆ వరస ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్ళోనో కూడా అడిగి అందులోనే చెప్పించండి.