ఎన్ని బంగారాలొచ్చాయి?

నాలుగేళ్ళకోసారి ఒలింపిక్స్ వస్తాయి. వాటితోపాటే మన ఇళ్ళల్లో ఒక పాత మాట కూడా వస్తుంది. "ఇంత దేశం, ఇంతమంది జనం... ఒక్క బంగారం తేలేకపోయారా!" అని. ఈ మాట అనడానికి ఆటల గురించి ఏమీ తెలియనక్కర్లేదు. ఈతలో ఎన్ని రకాలున్నాయో, కుస్తీలో గెలుపెలా లెక్కేస్తారో ఎవరిక్కావాలి? పేపర్లో ఓ మూల పతకాల పట్టిక వేస్తారు కదా, అది చాలు. పైనుంచి వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వస్తాం. మన దేశం పేరు దగ్గర వేలు ఆగేసరికి ఓ నిట్టూర్పు.

2024లో పారిస్ పట్టిక చూసి మా పక్కింటి వదినగారు నిజంగానే నొచ్చుకున్నారు. మనకొచ్చినవి ఆరు పతకాలు. ఒక వెండి, అయిదు కంచు. పాకిస్తాన్‌కి వచ్చింది ఒక్కటే, కాని అది బంగారం. అంచేత వాళ్ళు 62వ స్థానంలో, మనం 71లో. "ఇదేం లెక్కండీ! ఆరు తెచ్చుకున్నవాళ్ళ నెత్తిన ఒకటి తెచ్చుకున్నవాళ్ళు కూర్చోవడమేమిటీ?" అన్నారావిడ. న్యాయమైన ప్రశ్నే. బంగారాల లెక్క ఒకటైతే, అమెరికా పత్రికలు వేసే లెక్క ఇంకొకటి. అవి మూడు రకాలూ కలిపి మొత్తం చూస్తాయి. 2008లో బీజింగ్‌లో బంగారాలు చైనాకెక్కువ, మొత్తం పతకాలు అమెరికాకెక్కువ. ఎవరి పట్టికలో వాళ్ళే పైన! పోనీ జనాభాని బట్టి చూద్దామా అంటే, పారిస్‌లోనే డొమినికా అనే చిన్న ద్వీపం నుంచి వచ్చిన థియా లాఫాండ్ అనే ఆమె ట్రిపుల్ జంప్‌లో బంగారం గెలిచింది. ఆ దేశం మొత్తం కలిపినా లక్షమంది లేరు. తలకింతని పంచితే అమెరికా, చైనాలు దాని దరిదాపులకి రావు.

తమాషా ఏమిటంటే, ఈ పోటీలు క్రీడాకారుల మధ్యనేగాని దేశాల మధ్య కాదని ఒలింపిక్ నియమావళిలోనే రాసి ఉంది. మరి జెండాలెందుకు, జాతీయగీతాలెందుకు అంటే ఏం చెప్తాం! పెళ్ళి పిల్లలిద్దరిదీ, హడావిడంతా వియ్యాలవారిదీ.

ఆ పాకిస్తాన్ బంగారం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జావెలిన్‌లో అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరాడు. మన నీరజ్ చోప్రా 89.45 విసిరి రెండోవాడయ్యాడు. విలేఖర్లు నీరజ్ వాళ్ళ అమ్మ ముందు మైకులు పెట్టారు. ఆవిడ ఏ తడుముకోవడమూ లేకుండా, మాకు వెండి కూడా బంగారమేననీ, బంగారం గెలిచినవాడూ మా పిల్లవాడేననీ అంది. సరిహద్దు అవతల నదీమ్ వాళ్ళ అమ్మ కూడా, నీరజ్ నాకు కొడుకులాంటివాడే, అతని కోసమూ దేవుణ్ణి ప్రార్థించానంది. ఆ రెండు మాటలూ అందరికీ నచ్చాయి, నాకూ నచ్చాయి. తల్లి మనసు అలాంటిదని మురిసిపోయి ఊరుకోవచ్చు. కాని అదేపనిగా నాకు ఇంకో దేశపు తల్లులు గుర్తొస్తున్నారు. తమ పిల్లల పతకాల వెనక ఏముందో ఆ తల్లులకి చాలా ఏళ్ళదాకా తెలియనే తెలియదు.

తూర్పు జర్మనీ అని ఒక దేశం ఉండేది. 1990లో పశ్చిమ జర్మనీలో కలిసిపోయింది. దాని జనాభా కోటీ డెబ్భై లక్షలకి మించదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభాలో సగం కూడా కాదన్నమాట. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఆ దేశపు ఆడపిల్లలకి ఈతలో ఒక్క బంగారమూ రాలేదు. నాలుగేళ్ళు తిరిగి 1976లో మాంట్రియల్‌కి వచ్చేసరికి, ఆడవాళ్ళ ఈతలో 13 పోటీలుంటే 11 బంగారాలు వాళ్ళే పట్టుకుపోయారు! అన్ని ఆటలూ కలిపి 40 బంగారాలు. సోవియట్ యూనియన్ తర్వాత వాళ్ళే. అమెరికా మూడోది. లోకమంతా ముక్కున వేలేసుకుంది. క్రమశిక్షణ అంటే అదీ అన్నారు, శాస్త్రీయమైన శిక్షణ అన్నారు.

ఆ పిల్లల గొంతులు మగవాళ్ళ గొంతుల్లా ఉన్నాయేమిటని ఎవరో అడిగితే, "మావాళ్ళు ఈదడానికొచ్చారు, పాటలు పాడడానికి కాదు" అని వాళ్ళ కోచ్ ఒకాయన జవాబిచ్చాడని చెప్పుకుంటారు. చమత్కారంగానే ఉంది. కాని తన ఇంట్లో పిల్లయితే ఆ చమత్కారం ఆయన నోటికి వచ్చేదా?

అమెరికా నుంచి వచ్చిన షిర్లీ బాబషాఫ్ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి మాత్రం ఆ మాట నవ్వేసి వదిలెయ్యలేదు. వాళ్ళ గొంతులూ కండలూ చూస్తే ఇందులో ఏదో ఉందని బయటికే అనేసింది. అంతే! ఆ పిల్లకి ఓర్వలేనితనమన్నారు. ఓడిపోయి ఏడుస్తోందన్నారు. సొంత దేశపు పత్రికలవాళ్ళే మూతిముడుపు షిర్లీ అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. విడిగా ఈదినవాటిలో మూడు పోటీల్లో ఆమె తూర్పు జర్మనీ పిల్లల వెనకే రెండోదిగా వచ్చింది. చివరి రోజు జరిగిన రిలే పందెంలో మాత్రం, తను ఆఖరి వంతు ఈది, మిగతా ముగ్గురితో కలిసి వాళ్ళని ఓడించింది. ఆ ఒక్కటే ఆమెకి మాంట్రియల్‌లో దక్కిన బంగారం. తర్వాత చాలా ఏళ్ళు ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసుకుంది. ఉన్నమాట అన్న ఆడపిల్లకి ముందు అసూయ అంటగట్టడం ఏదో మన వీధుల్లోనే ఉందనుకుంటాం గాని, అన్ని దేశాలూ ఆ విషయంలో ఒక్కటే.

బెర్లిన్ గోడ కూలాక కాగితాలు బయటపడ్డాయి. వాటిని వెలికి తీసి లోకం ముందు పెట్టినవాళ్ళు బ్రిగిట్టె బెరెండాంక్ అనే ఒకప్పటి డిస్కస్ క్రీడాకారిణి, ఆమె భర్త వెర్నర్ ఫ్రాంకె అనే శాస్త్రవేత్త. (మామూలుగా భర్త పేరు ముందు రాస్తారు. నాకిలా రాయాలనిపించింది.) 1974 నుంచీ ప్రభుత్వమే రహస్యంగా ఒక పథకం పెట్టుకుని, మగ హార్మోన్లాంటి మందుని నీలం రంగు బిళ్ళలుగా క్రీడాకారులకి మింగించింది. చాలామంది పిల్లలకి అవి విటమిన్లని చెప్పారు. వాళ్ళలో పదమూడు, పధ్నాలుగేళ్ళవాళ్ళున్నారు. ఇంట్లో పెద్దలకి తెలియనివ్వలేదు. అన్ని ఆటల్లోనూ కలిపి ఇలా మందులు పడినవాళ్ళు పదివేలమంది దాకా ఉంటారని అంచనా. గొంతులు బొంగురుపోవడం, ఒంటిమీద వెంట్రుకలు మొలవడం, కాలేయం దెబ్బతినడం, ఆడవాళ్ళకి గర్భసంబంధమైన జబ్బులు... ఇవన్నీ తర్వాత కోర్టులో ఒక్కొక్కరే వచ్చి చెప్పుకున్నారు.

వాళ్ళలో ఒకరు 1986లో షాట్‌పుట్‌లో యూరప్ ఛాంపియన్ అయిన హైడీ క్రీగర్. తర్వాత శస్త్రచికిత్స చేయించుకుని ఆండ్రియాస్ అన్న పేరుతో మగవాడిగా బతుకుతున్నాడు. తనెవరో తను తేల్చుకునే హక్కుని ఆ బిళ్ళలు లాగేసుకున్నాయని ఆయన బాధ. ఆ కోర్టు విచారణ సమయంలోనే, అదే బాధ పడిన ఒక ఈతగత్తె ఆయనకి పరిచయమైంది. పెళ్ళి చేసుకున్నారు.

ఆ దేశపు క్రీడల పెత్తనమంతా చూసిన మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌కి 2000లో బెర్లిన్ కోర్టు 22 నెలల శిక్ష వేసింది. అదీ జైలుకి వెళ్ళక్కర్లేని శిక్ష. పతకాలో? మాంట్రియల్ పట్టికని ఎవరూ దిద్దలేదు. నలభై అంటే ఈనాటికీ నలభయ్యే. అలాగని మందులు వాళ్ళ సొత్తేం కాదు. 2000లో సిడ్నీలో అయిదు పతకాలు గెలిచిన అమెరికా పరుగురాలు మేరియన్ జోన్స్ కూడా మందు వాడినట్టు ఒప్పుకుని 2007లో వాటిని పోగొట్టుకుంది. కాని ఆవిడ ఎదిగిన మనిషి. ఈ చిన్నపిల్లల సంగతి అది కాదు.

ఇక్కడో చిక్కు ప్రశ్న వస్తుంది. ఒంటిని హింసపెట్టుకోకుండా ఎవరికైనా పతకం వస్తుందా? పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల కుస్తీలో ఫైనల్‌కి చేరింది. తెల్లవారి తూకంలో 100 గ్రాములు ఎక్కువుందని తప్పించారు. ఆ బరువు దించడానికి రాత్రంతా చెమటోడ్చి, చివరికి జుట్టు కూడా కత్తిరించారు. అదీ హింసే. కాని ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు. తను దేనికి ఒప్పుకుంటోందో తనకి తెలుసు. నీలం బిళ్ళ మింగిన పిల్లకి తెలియదు. తేడా అక్కడుందని నేననుకుంటాను.

అంతటితో తేలిపోతుందా అంటే, పోదు. పదహారేళ్ళ పిల్ల "నా ఇష్టంతోనే" అన్నప్పుడు, అందులో తన ఇష్టమెంత, చుట్టూ ఉన్న మనదెంత? పదో తరగతి అవగానే పిల్లని హాస్టల్లో పడేసి, తెల్లవారుజామునే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకం ముందు కూర్చోబెట్టే పద్ధతి మనకేం కొత్త కాదు. "మేం బలవంతపెట్టలేదండీ, అదే చేరతానంది" అంటాం. పేపర్లో ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు వరసగా చూసి సంబరపడతాం. తిండి సహించక, నిద్ర పట్టక, నెలసరి కూడా గాడి తప్పి ఇంటికొచ్చేసిన పిల్లల ఫొటోలు అందులో ఉండవు కదా. తూర్పు జర్మనీ పెద్దల్ని తిట్టడం తేలికే. వాళ్ళ పట్టికలాంటిది మన గోడల మీద కూడా ఉందేమోనని నాకు భయం.

అయితే పతకాలు వద్దా అంటే, వద్దని ఎవరన్నారు! 2000లో సిడ్నీలో మన కరణం మల్లీశ్వరికి కంచు వచ్చినరోజు నాకు బాగా జ్ఞాపకం. నేను బి.ఏ. చదువుతున్నాను. ఆడపిల్లకి బరువులెత్తే ఆటేమిటని అంతకుముందు ముక్కు విరిచిన మా హాస్టలు మేట్రనుగారే మర్నాడు పేపరు పట్టుకుని గదిగదికీ తిరిగింది. ఆడవాళ్ళ బరువుల పోటీ ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదలు. శ్రీకాకుళం జిల్లా పిల్ల, 110 కిలోలొకసారి, 130 ఒకసారి ఎత్తింది. బంగారం కోసం చివరగా 137.5కి ప్రయత్నించి జారవిడిచింది. ఆ ఏడు మొత్తం దేశానికి వచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. "కంచేనా" అన్నవాళ్ళూ లేకపోలేదు. వాళ్ళు ఓ బియ్యం బస్తా ఎత్తి చూడాల్సింది.

ఇక పట్టికలో చోటే దొరకనివాళ్ళు. 1984 లాస్ ఏంజిలెస్ పట్టికలో మన దేశం పేరే లేదు. ఒక్క పతకం రాలేదు. ఆ ఏడే 400 మీటర్ల హర్డిల్స్ ఆడవాళ్ళకి మొదటిసారి పెట్టారు. గెలిచింది మొరాకో అమ్మాయి నవాల్ ఎల్ ముతవకిల్. ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన మొదటి అరబ్బు స్త్రీ. మూడోదిగా వచ్చిన రుమేనియా ఆమెకి 55.41 సెకన్లు పట్టింది. మన పి.టి. ఉషకి 55.42. సెకనులో నూరోవంతు! ఆ తేడా మనిషి కంటికి కనపడదు, ఫొటో తీసి చూడాల్సిందే. ఉష నాలుగోది. నాలుగోవాళ్ళకి మెట్టు లేదు.

ఆ 55.42ని మన దేశంలో ఇంకో ఆడపిల్ల అందుకోవడానికి ముప్ఫై తొమ్మిదేళ్ళు పట్టింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో తమిళనాడు అమ్మాయి విద్యా రామ్‌రాజ్ సరిగ్గా 55.42 సెకన్లలోనే పరుగు ముగించింది. ఫైనల్లో ఆమెకి కంచు వచ్చింది గాని, ఈ పరుగు ఫైనల్‌ది కాదు. అంతకుముందు జరిగే హీట్స్‌లోది. దానికి పతకం ఇవ్వరు.