ఎవరికి చెప్పే లెక్క

అనంతపురం జిల్లాలో వలస కూలీల పిల్లలకు బడి నడిపే ఒక చిన్న సొసైటీ, ఒక కంపెనీ ఇచ్చే సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) గ్రాంటుకు దరఖాస్తు పెడుతోందనుకుందాం. బడి నడిపే ఆవిడా, ఆ సొసైటీ లెక్కలు చూసే ఆడిటరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఈ మాటలు ఏ ఊళ్లోనైనా నడిచేవే. అందుకే ఇద్దరికీ పేర్లు పెట్టలేదు.

ఆవిడ: మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, 12ఎ, 80జి పన్ను నమోదులు, దర్పణ్ నంబరు, సీఎస్ఆర్-1 నమోదు, కమిటీ తీర్మానం, పాత గ్రాంట్ల వినియోగ ధ్రువపత్రాలు... ఇన్ని అడిగే బదులు ఒక్క పూట బడికొచ్చి పిల్లల్ని చూసి వెళ్లొచ్చు కదా ఆడిటర్ గారూ? మనిషిని నమ్మనివాళ్లు కాగితాన్ని మాత్రం ఎలా నమ్ముతారు?

ఆడిటర్: వచ్చినవాడు చూస్తాడు, నమ్ముతాడు కూడా. కానీ అతను ఇచ్చేది అతని సొమ్ము కాదమ్మా. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద లాభాల్లోంచి తీసిన డబ్బు. ఏ పనికిచ్చారో ఆ పనికే ఖర్చయిందని ఆ కంపెనీ ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి. ఆయన మీ బడి గడప తొక్కి ఉండడు. దేన్ని చూసి సంతకం పెడతాడు?

ఆవిడ: అంటే చూడలేనివాళ్ల కోసమే కాగితం. రోజూ చూసే నాకెందుకు?

ఆడిటర్: మార్చి 31న మీ ఖాతాలో ఎంత ఉంది?

ఆవిడ: రూ.1,80,000.

ఆడిటర్: మరుగుదొడ్లు కట్టించమని ఒక దాత రూ.3,00,000 ఇచ్చారు. ఆ పని ఇంకా మొదలు కాలేదు. అంటే ఖాతాలో తక్కువలో తక్కువ ఆ మూడు లక్షలైనా ఉండాలి. రూ.1,20,000 ఏమైంది? మీ క్యాష్‌బుక్‌లో ఇది బయటపడదు, ఎందుకంటే వచ్చింది వచ్చినట్టు, పోయింది పోయినట్టు అందులో సరిగ్గానే ఉంది. బ్యాలెన్స్ షీట్ వేశాకే తెలిసింది. ఎడమ పక్కన మరుగుదొడ్ల నిధి మూడు లక్షలు నిలబడి ఉంది, కుడి పక్కన దానికి తగ్గ డబ్బు లేదు. రోజూ చూసే మీకు కనబడనిది అక్కడ కనబడింది.

ఆవిడ: టీచర్లకు రెండు నెలలుగా జీతాల్లేవు. వాళ్లకిచ్చాను. నా ఇంటికి పట్టుకెళ్లలేదు.

ఆడిటర్: పట్టుకెళ్లలేదని నాకు తెలుసు, ఇక్కడ దొంగతనం ఊసే లేదు. మరుగుదొడ్లు లేక ఈడొచ్చిన ఆడపిల్లలు బడి మానేస్తున్నారని దాతకు రాసింది మీరే. ఆ డబ్బు ఆ పిల్లల పేరు చెప్పి తెచ్చింది. వాళ్ల డబ్బును టీచర్ల కోసం వాడారు, ఆ సంగతి దాతకు చెప్పలేదు.

ఆవిడ: టీచర్లు వెళ్లిపోతే ఆ ఆడపిల్లలకు బడే ఉండేది కాదు. దాతకు ఉత్తరం రాసి అనుమతి వచ్చేదాకా కూర్చుంటే వాళ్ల ఇంటి అద్దె ఆగుతుందా?

ఇక్కడ ఆడిటర్ వెంటనే జవాబు చెప్పడు. చెప్పగలిగితే ఆయన లెక్కలు ఎరిగినవాడే కానీ బడులు ఎరిగినవాడు కాదని అనుకుంటాను.

ఆడిటర్: ఆగదు. అలాంటి నెలల కోసమే సంస్థకు సొంత నిల్వ ఉండాలి. ఆదాయంలో 85 శాతం ఖర్చు చేస్తే మిగతా 15 శాతం దాచుకోనిస్తుంది పన్ను చట్టం.

ఆవిడ: దేంట్లోంచి దాచను? ప్రతి రూపాయీ ఏదో ఒక పద్దు కిందే వస్తుంది. మిగిలితే వెనక్కి పంపమంటారు.

ఆడిటర్: అది దాతల లోపం. ఒప్పుకుంటాను.

ఆవిడ: ఇంకొకటి చెప్పండి. సంతలో ముసలమ్మ దగ్గర కూరగాయలు కొంటాం. ఆమె బిల్లు ఇవ్వదు. టౌనులో పెద్ద షాపులో బిల్లు ఇస్తారు, ధరా ఎక్కువే. బిల్లు కోసం పిల్లల కూర తగ్గించనా?

ఆడిటర్: వద్దు. ముసలమ్మ దగ్గరే కొనండి. వోచరు మీరే రాయండి: తేదీ, ఏం కొన్నారు, ఎన్ని కిలోలు, ఎంత. కింద ఆమె వేలిముద్ర, పక్కన చూసినవాళ్ల సంతకం. పాత దానశాసనాల్లో పొలం హద్దులు, సాక్షుల పేర్లు ఎందుకు చెక్కించారు? ఆ రోజు అక్కడ నిలబడ్డవాళ్లకు అవన్నీ తెలిసినవే. తరవాత వచ్చేవాళ్లకు తెలియాలని. రేపు ఈ బడి మరొకరి చేతికి వెళ్తే, ఒక పిల్లకు పూట భోజనానికి ఎంతవుతుందో ఆ వోచర్లే చెబుతాయి. 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడు గాంధీ పైసా పైసాకూ లెక్క రాయించాడు. సరైన లెక్క లేనిచోట సత్యం నిలవదని ఆత్మకథలో రాసుకున్నాడు కూడా.

ఆవిడ: ఆయన బారిస్టరు. మా దగ్గర ఐదో తరగతికి పాఠం చెప్పే అమ్మాయే సాయంత్రం క్యాష్‌బుక్ రాస్తుంది. అకౌంటెంటును పెట్టుకుందామంటే, నిర్వహణ ఖర్చు ఐదు శాతం దాటకూడదన్నారు.

ఆడిటర్: ఆ ఐదు శాతం హద్దు కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారం నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు. మీ ఖర్చుకు కాదు. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు వేరే హద్దు ఉంది, 2020లో దాన్ని 50 నుంచి 20 శాతానికి దించారు. మీకు ఆ నమోదే లేదు. కాబట్టి అకౌంటెంటు జీతాన్ని బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు కింద చూపించండి.

ఆవిడ: కొట్టేస్తే?

ఆడిటర్: ఎందుకు కొట్టేశారో అడగండి, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే. మూడేళ్ల లెక్కలు కావాలంటూ అవి రాసే మనిషికి జీతం ఇవ్వబోమనడంలో న్యాయం లేదు. ఆ మాట మీరు చెప్పకపోతే వాళ్లకు చెప్పేవాళ్లుండరు.

ఆవిడ: ఆ రూ.1,20,000 సంగతి?

ఆడిటర్: ఆడిట్ రిపోర్టు చదివితే వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. మీరే ముందుగా ఒక పేజీ రాసి దరఖాస్తుకు జతచేయండి. మరుగుదొడ్ల దాతకు ఈ రోజే రాయండి.

ఆవిడ: గ్రాంటు పోతుందేమో.

ఆడిటర్: పోవచ్చు.

ఆవిడ: రాస్తాను. కానీ జీతాలివ్వడం తప్పని మాత్రం రాయను.

ఆడిటర్: రాయమని నేనూ అనను. ఏ నెలకు ఎంత తిరిగి జమ చేస్తారో రాయండి. ఆ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారో కూడా రాయండి.