వారాలూ, వారపు అద్దే

మా గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు చదువుకునే కుర్రాడికి 'వారాలు' అంటే రోజుకో ఇంట్లో భోజనం. 1853లో పుట్టిన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి పల్లెల నుంచి వచ్చిన పేదపిల్లలు కొందరు అలాగే గట్టెక్కారు. ఇప్పుడు ఇంగ్లండులోని లీడ్స్‌లో సీటొచ్చిన మా మేనల్లుడి కూతురు బస వెతుక్కుంటోంది. అక్కడ అద్దె వారానికింత అని లెక్క. మాట అదే, అర్థమే మారిపోయింది!

ఏది మేలు? తొందరపడి పాతదే మేలనకండి. వారమిచ్చే ఇల్లు చాలాచోట్ల ముందు కులం అడిగేది. కలవనివాడికి ఆ గుమ్మమే లేదు. కలిసినవాడూ తలొంచుకునే తినేవాడు. వారపు అద్దె కులం అడగదు. తాళంచెవి చేతిలో పెడుతుంది. కాని "తిన్నావా?" అని కూడా అడగదు.

మా పిల్ల ముందు రెండు దారులున్నాయి. సొంత స్నానాలగదితో హాస్టల్లో ఒంటరి గది ఒకటి. నలుగురు కలిసి తీసుకునే ఇల్లు ఇంకోటి, చవక. అయితే నలుగురూ ఒకే ఒప్పందం మీద సంతకం పెడితే, ఒకరెగ్గొట్టిన అద్దె మిగతా ముగ్గురి మెడకీ చుట్టుకుంటుంది. అందుకే వాళ్ళమ్మ గదే తీసుకోమంటోంది.

నాకు మాత్రం ఇల్లే నచ్చింది. ఇంకొకరి బాకీ మనదయ్యే చోటే ఇంకొకరి ఆకలీ మనకి తెలుస్తుంది. వారాలబ్బాయికి మనుషుల్ని ఎంచుకునే వీల్లేదు, ఈ పిల్లకుంది. "గోడలు తరవాత చూద్దువుగాని అమ్మడూ! నీకు ఆలస్యమైతే అన్నం మూతపెట్టి ఉంచే మనిషి ఆ ముగ్గురిలో ఉందా? నువ్వు ఉంచుతావా? అది చూసుకుని సంతకం పెట్టు" అన్నాను.