నలుగురితో నారాయణ

“నలుగురితో నారాయణ, గుంపుతో గోవింద” యని మనవారు చెప్పుటలో నొక యూరట కలదు. నలుగురు నడచు త్రోవను నడచువాడు దారి తప్పినను ఒంటరిగా తప్పడు. దీనిని నేను తృణీకరింపను; సంఘము నేర్పనిదే మనుష్యునకు మాటయే రాదు గదా! ఎదుట కనబడుచున్న సత్యమును నలుగురి ముఖము చూచి లేదనుటయే విచారింపదగిన విషయము.

అమెరికా దేశమున సాలమన్ ఆష్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1951 మొదలుకొని ప్రకటించిన పరిశోధనలలో దీనిని పరీక్షించెను. ఒక గీతను చూపి, వేఱు మూడు గీతలలో దానితో సమానమైనదేదియని యడిగెను. పసివాడైనను చెప్పగల ప్రశ్న. కాని ముందుగా నేర్పి కూర్చుండబెట్టినవారందఱును తప్పు గీతనే చూపుచుండగా, సంగతి తెలియని యొక్కడు తన వంతు వచ్చినప్పుడు తడబడుచుండెను. ఇట్లు పరీక్షింపబడినవారి యుత్తరములలో సుమారు మూడవవంతు గుంపువెంట పోయినవే. ఆ గుంపులో మఱియొక్కడు నిజము పలికినచో మాత్రము ఈ తప్పులు మిక్కిలి తగ్గిపోయెను. నన్నాశ్చర్యపఱచినది మొదటి సంగతి కాదు, ఈ రెండవది. వ్యక్తిస్వాతంత్ర్యమనగా ఏకాకి వీరత్వమని మనము పొగడుచుందుము. దానికి కావలసినది తఱచుగా నొక తోడు.

రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11 వ తేదీని కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ తొలి వితంతు వివాహమును జరిపించిరి. తోడ్పడెదమన్నవారు పలువురు వెలికి వెఱచి తొలగిపోయిరి. వంటకుగాని నీటికిగాని మనిషి దొరకని ఆ దినములలో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి స్వయముగా నీళ్లు మోసి తెచ్చి, వండి పెట్టిరి. పంతులుగారి యుపన్యాసములను మనము చదువుదుము. ఆ బిందె బరువును తలచువారెందఱు?

ఇట్లు వ్రాయుచున్న నేను తరగతిలో నెవరికి తోడైతిని? హరిశ్చంద్రుని సత్యసంధతను గూర్చి యొకమాఱు పరీక్షలో ప్రశ్న యిచ్చితిని. ఒక బాలుడు, తన మాట నిలుపుకొనుటకు భార్యను అమ్ముట ధర్మము కాదని వ్రాసెను. నాకును చిన్నతనమునుండి ఆ సందేహమే. ఎన్నడును పైకి అనలేదు. అయినను వాచకములో లేని యుత్తరమని మార్కులు తగ్గించితిని. వాడు వచ్చి యేమియు నడుగలేదు. తరువాతి పరీక్షలో ధర్మరాజును గూర్చి వ్రాయుమనగా, వాడును తక్కిన నలువదిమందివలెనే వ్రాసెను. నేను నిండుగా మార్కులు వేసితిని.