చివరి వరుసలో కూర్చునేదెవరు?

హైదరాబాద్ జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి దగ్గర కొత్త కారుకు పూజ చేయించడం నగరంలో అందరికీ తెలిసిన దృశ్యమే. బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్, అద్దం ముందు బంతిపూల దండ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చాక కారు నిమ్మకాయలను తొక్కుకుంటూ మెల్లగా కదులుతుంది. కాణిపాకం వినాయకుడి సన్నిధిలోనూ ఇదే పద్ధతి. స్టీరింగుకు బొట్టు, ఇంజనుకు బొట్టు, చక్రాలకు బొట్టు. డిక్కీని ఆనుకుని ఉండే మూడో వరుస సీటు దాకా మాత్రం కుంకుమ వెళ్లడం అరుదు.

కోటి రూపాయల కుటుంబ వాహనం కొనేవారికి ఎదురయ్యే అసలు ధర్మసందేహం ఆ సీటు దగ్గరే ఉంది.

ఏడు సీట్ల విలాసవంతమైన ఎస్‌యూవీ కావాలనుకునే ఇంట్లో చర్చ ఎక్కువగా నాలుగు పేర్ల చుట్టూ తిరుగుతుంది. మెర్సిడెస్ బెంజ్ జీఎల్ఎస్, బీఎండబ్ల్యూ ఎక్స్7, ఆడి క్యూ7, వోల్వో ఎక్స్‌సీ90. క్యూ7 ధర 90 లక్షల చుట్టుపక్కల ఉంటే ఎక్స్‌సీ90 కోటి దగ్గర ఉంటుంది. మిగిలిన రెండూ కోటికి బాగా పైన ఉండే బళ్లు. షోరూంలో సంభాషణ గుర్రాలతో మొదలవుతుంది. జీఎల్ఎస్ 450 పెట్రోలుకు 381 హార్స్ పవర్, ఎక్స్7 పెట్రోలుకూ అంతే, క్యూ7కు 340, ఎక్స్‌సీ90కి 250. ఆ తర్వాత తెరల సైజు, స్పీకర్ల సంఖ్య, పైకప్పు అద్దం. మూడో వరుస గురించి మాట వస్తే ఒక బటన్ నొక్కి, అది ఎంత చక్కగా మడుచుకుంటుందో చూపిస్తారు.

గుర్రాలను, రథాన్ని, అందులో కూర్చున్నవాణ్ని కలిపి ఆలోచించమన్నది కఠోపనిషత్తు. శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు, లోపల కూర్చున్నది ఆత్మ. ఈ పోలిక చాలామంది విన్నదే. అదే ఉపనిషత్తులో అంతకు ముందే రథాల ప్రస్తావన మరొకటి ఉందన్న సంగతి అంతగా గుర్తుండదు. మరణం తర్వాత ఏముంటుందో చెప్పమని నచికేతుడు పట్టుబట్టినప్పుడు యముడు అతణ్ని మరిపించబోతాడు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, బంగారం, భూములు, రథాలెక్కి వాద్యాలతో వచ్చే సుందరీమణులు, ఏది కావాలన్నా ఇస్తానంటాడు. నీ వాహనాలు నీ దగ్గరే ఉంచుకొమ్మంటాడు పిల్లవాడు. అదే యముడు, కాసేపటికే, ఆ రథాన్నే ఆసరాగా తీసుకుని ఆత్మతత్త్వం బోధిస్తాడు. వాహనం ప్రలోభమూ కాగలదు, పాఠమూ కాగలదు.

కార్ల విషయంలో ఈ రెండింటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఆ కథ మొదలైన తీరు. నచికేతుడి తండ్రి వాజశ్రవసుడు ఉన్నదంతా దానం చేయాల్సిన యజ్ఞం చేస్తూ గోవుల్ని ఇస్తున్నాడు. అవి ఎలాంటి గోవులు? చివరి గుక్క నీళ్లు తాగేసినవి, చివరి గడ్డిపరక మేసేసినవి, ఇక పాలివ్వలేనివి. లెక్కకు దానం జరుగుతోంది. పుచ్చుకున్నవారికి మిగిలేది బరువే. అది చూసి పిల్లవాడి మనసు కలుక్కుమంటుంది. నన్నెవరికి ఇస్తావని తండ్రిని మూడుసార్లు అడుగుతాడు. విసిగిన తండ్రి, మృత్యువుకిస్తానంటాడు. ఉపనిషత్తంతా ఆ నాసిరకం దానంలోంచి పుట్టింది.

చాలా ఏడు సీట్ల కార్లలో మూడో వరుస ఆ గోవులాంటిదే. లెక్కకు సీటు ఉంటుంది, మనిషికి చోటుండదు.

దీనికి కారణం కారు నిర్మాణంలో ఉంది. వెనుక ఇరుసు, సస్పెన్షన్, వాటి చుట్టూ ఉండే సరంజామా అంతా చివరి వరుస కిందే ఉంటాయి కాబట్టి అక్కడ నేల ఎత్తు పెరుగుతుంది. పైకప్పు వెనక్కి వెళ్లేకొద్దీ వాలుతుంది. తల తగలకుండా సీటును కిందికి దించితే పాదాలకూ సీటుకూ మధ్య ఎత్తు తగ్గిపోయి మోకాళ్లు ఛాతీ వైపు లేస్తాయి. తొడలకు ఆసరా ఉండదు, బరువంతా నడుము మీద పడుతుంది. పైగా ఆ సీటు వెనుక ఇరుసు మీదో, దాని వెనుకో ఉండటంతో శ్రీశైలం ఘాట్ లాంటి రోడ్డు మీద ఊపు అందరికన్నా ఎక్కువగా తెలిసేది అక్కడ కూర్చున్నవారికే. పాతికేళ్ల మనిషి గంటసేపు భరిస్తాడు. మోకాళ్లు అరిగిన డెబ్భై ఏళ్ల మనిషి దిగేటప్పుడు నిలబడటానికే కష్టపడతారు.

ఆ చివరి సీటులోంచి చూస్తే నాలుగు కార్ల వరుస మారిపోతుంది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం జీఎల్ఎస్‌లో 3,135 మిల్లీమీటర్లు, ఎక్స్7లో 3,105. ఈ రెండింటిలోనే మూడో వరుసను పెద్దవాళ్ల కోసమని గట్టిగా చెప్పగలం. 1.94 మీటర్ల ఎత్తు మనిషి కూడా అక్కడ పడతాడని మెర్సిడెస్ ప్రకటించింది. వోల్వో తన ఎక్స్‌సీ90లో 170 సెంటీమీటర్ల ఎత్తు వరకే హామీ ఇచ్చింది. చిన్న మాటే, నిజాయితీ ఉన్న మాట. క్యూ7 పొడవు 5 మీటర్లు దాటినా దాని మూడో వరుస పిల్లలకే సరిపోతుంది. నడపడంలో హాయి, సస్పెన్షన్ మెత్తదనం లెక్కేస్తే అది చాలా మంచి కారు. తాతయ్యను వెనక్కి పంపే ఇంటికి మాత్రం తగింది కాదు. అన్ని సీట్లూ నిండితే డిక్కీలో మిగిలే చోటు జీఎల్ఎస్‌లో 355 లీటర్లు, ఎక్స్7లో 326. ఏడుగురు తిరుపతి వెళ్లిరావడానికి అదీ ఇరుకే.

పోలికకు టయోటా ఇన్నోవా హైక్రాస్‌ను తీసుకోవచ్చు. పొడవు 4,755 మిల్లీమీటర్లే. ధర వీటిలో మూడో వంతో, అంతకన్నా తక్కువో. అయినా చివరి వరుసలో పెద్దమనిషి కాస్త మర్యాదగా కూర్చోగలడు. విలాసం అనే మాటకు ప్రభుత్వ పన్నుల లెక్క 4 మీటర్ల పొడవును, ఇంజను పరిమాణాన్ని కొలతగా పెట్టుకుంది. ఇంటికి వేరే కొలత ఉండాలి.

కంపెనీలూ ఈ పాఠం నేర్చుకున్న సందర్భం ఒకటుంది. అమెరికాలో లెక్సస్ 2017 చివర్లో తన ఆర్‌ఎక్స్ మోడల్‌ను వెనుక వైపు నాలుగంగుళాలకు పైగా సాగదీసి, మూడో వరుస పెట్టి ఆర్‌ఎక్స్ ఎల్ అని అమ్మింది. చక్రాల మధ్య దూరాన్ని మాత్రం 2,790 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచేసింది. వెనుక కూర్చున్నవారికి కాళ్లు పెట్టుకునే చోటు లేదన్న విమర్శ ఆ కారును వదల్లేదు. 2023లో దాని స్థానంలోకి వచ్చిన టీఎక్స్‌ను మొదటి నుంచీ మూడు వరుసల కోసమే గీశారు. చక్రాల మధ్య దూరం 2,950కి పెరిగింది. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఆరంగుళాల తేడా విలువ బాగా తెలుస్తుంది. ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మానాన్నల్ని వారాంతాల్లో గుడికో జలపాతానికో తీసుకెళ్లేటప్పుడు, పిల్లల సీట్లు రెండో వరుసలో బిగించి ఉంటే, పెద్దవాళ్లకు మిగిలేది వెనుక వరుసే.

అక్కడే అసలు చిక్కు. తెలుగింటి పెద్దావిడను ఎక్కడ కూర్చుంటావమ్మా అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "నాదేముంది నాయనా, ఎక్కడో ఓ చోట సర్దుకుంటా." జీవితమంతా సర్దుకుంటూ వచ్చిన మనిషి ఇచ్చిన ఆ అనుమతిని కొడుకు అనుమతిగా తీసుకోవచ్చా? ఆమె ఒప్పుకుంది కాబట్టి తప్పు లేదనడం న్యాయశాస్త్రంలో నిలబడే వాదన కావచ్చు, ధర్మంలో నిలబడదు. ఆ గోవుల్ని పుచ్చుకున్నవాళ్లెవరూ నోరు విప్పినట్టు ఉపనిషత్తు చెప్పదు. అడిగింది ఇచ్చేవాడి కొడుకే. నచికేతుడి ప్రశ్నలో ఉన్న తీవ్రతంతా అదే. పుచ్చుకునేవారి మౌనాన్ని ఇచ్చేవారు సమ్మతిగా లెక్కేసుకోకూడదు.

ఇంత ఖర్చే అధర్మం కాదా అని అడిగేవారూ ఉన్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. గృహస్థు అర్థాన్ని సంపాదించడాన్ని మన సంప్రదాయం తప్పు పట్టలేదు, కానీ దాన్ని ధర్మం హద్దులో ఉంచమంది. జైనం గృహస్థులకు ఇచ్చిన పరిగ్రహ పరిమాణ వ్రతం మరింత స్పష్టం. నాకు ఇంత చాలు అన్న హద్దును ముందే గీసుకుని, దానికి కట్టుబడాలి. కారు కొనేటప్పుడు ఇది ఆచరణలో చాలా పెద్ద క్రమశిక్షణ. షోరూంలో అడుగుపెట్టాక గీసిన గీత రంగు రంగుకూ జరిగిపోతుంది. నలుగురున్న ఇంట్లో ఏడాదికి రెండుసార్లు చుట్టాలొస్తారని ఏడు సీట్ల కోటి రూపాయల బండి కొనే బదులు, ఆ రెండుసార్లూ అద్దెకు ఇన్నోవా మాట్లాడుకోవడం మెరుగు.

రక్షణ సంగతి తేలిగ్గా వదిలేసేది కాదు. పాత జీపుల్లో, స్కార్పియోల్లో పక్కకు తిరిగి ఉండే వెనుక సీట్లలో బెల్టుల్లేకుండా, ఒకరి మోకాళ్లకు ఒకరి మోకాళ్లు తగిలించుకుంటూ పెరిగిన తరం ఇప్పుడు ఈ కార్లు కొంటోంది. ఆ అలవాటు పోలేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోయినా అంతే. అయినా మూడో వరుసలో బెల్టు చప్పుడు వినిపించడం తక్కువ. మూడు చోట్ల పట్టే ఈ బెల్టును 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. పేటెంట్ చేతిలో ఉన్నా, మిగతా కంపెనీలు ఉచితంగా వాడుకునేలా వోల్వో వదిలేసింది. తన దగ్గరున్న మేలైనదాన్ని ఇవ్వడమంటే అది. కొనేముందు పక్క ఎయిర్‌బ్యాగులు చివరి వరుస దాకా వస్తాయా, అక్కడ పిల్లల సీటు బిగించే కొక్కేలున్నాయా అని అడగాలి. అక్కడ కూర్చున్నవారి తల వెనుకే డిక్కీ తలుపు ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి.

ఈ తరగతి కార్లలో చాలావాటికి ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. సామాను ఎక్కించడానికి బండి వెనుక భాగాన్ని కిందికి దించే బటన్ డిక్కీ పక్కనే ఉంటుంది. పెట్టె కోసం వంగే బండి నాయనమ్మ కోసం ఎంత వంగుతుందో టెస్ట్ డ్రైవ్ రోజే చూడొచ్చు. ఆ రోజు కొనేవాడు స్టీరింగ్ ఇంకొకరికిచ్చి, రెండో వరుసలో పొడుగాటి మనిషిని కూర్చోబెట్టి, తాను చివరి వరుసలో ఓ అరగంట కూర్చోవాలి. స్పీడ్ బ్రేకర్లున్న గల్లీల్లోంచి పోనివ్వమనాలి. ఆ తర్వాత నాయనమ్మను ఎక్కించాలి. చీర కుచ్చెళ్లు ఎక్కడ తట్టుకున్నాయి, చెయ్యి దేన్ని పట్టుకుంది, ముందు సీటును ఎవరు జరపాల్సి వచ్చింది, కూర్చున్నాక మోకాళ్లు ఏ ఎత్తున ఉన్నాయి అన్నది ఆమెను అడగకుండా, పక్కన నిలబడి చూడాలి.